స్వామివారు సిద్ధి పొందాక: తొలి గంట నుంచి తొలి ఆరాధన దాకా

సన్యాసి శరీరం వదిలినప్పుడు ఆశ్రమాల్లో ఎక్కువగా రెండు రకాల తప్పులు జరుగుతుంటాయి. ఇంటి పెద్ద పోయినట్టు మైల, పిండాలు, ధర్మోదకాలు అంటూ కొందరు మొదలుపెడతారు. ఊరి నాయకుడు పోయినట్టు నల్ల రిబ్బన్లు, సంతాప సభ, ‘ఆత్మకు శాంతి చేకూరాలి’ అన్న ఫ్లెక్సీలతో ఇంకొందరు దిగుతారు. రెండూ ప్రేమతో చేసేవే. రెండూ ఆయనకు వర్తించవు. సన్యాసం తీసుకునేటప్పుడే తన శ్రాద్ధం తాను పెట్టుకుని బయటికొచ్చిన మనిషి ఆయన. ఆయనకు మనం చేసేది తద్దినమూ కాదు, వర్ధంతీ కాదు, ఆరాధన, అంటే గురువుగా పూజించడం. ఆ తేడా కమిటీలో అందరికీ పట్టుబడితే కింద చెప్పే పనుల్లో సగం తగువు లేకుండా సాగిపోతాయి.

ఇది తెలుగు ఊళ్లలోని చిన్న ఆశ్రమాలకు, మఠాలకు రాసింది. పెద్ద పీఠాలకు ఎవరి పద్ధతి వాళ్లకుంటుంది. మంత్రం, క్రియ ఆచార్యుల చేతిలో పని, వాటి జోలికి పోవద్దు. ఏర్పాట్లు మాత్రం మనవి, చెడేదీ అక్కడే.

మొదటి గంట

అందరికన్నా ముందు ఒకరు గడియారం చూసి సమయం రాయాలి. తేదీ, వారం, ఊరు, గంట, నిమిషం రాసి, పక్కన ఇద్దరు సంతకం పెట్టాలి. ఏటా జరగబోయే ఆరాధన తిథి ఈ కాగితం మీదే ఆధారపడుతుంది. ‘తెల్లారగట్ల పోయారు’ అన్నది పనికిరాదు. తిథి 4:50కి మారి ఉంటే 4:40కి, 5 గంటలకు మధ్య తేడా ఒక రోజు.

తర్వాత డాక్టరు. ఆశ్రమంలోనే సిద్ధి పొందినా డాక్టరు వచ్చి చూసి మరణ కారణం రాసివ్వాలి. ‘స్వామికి సర్టిఫికెట్ ఏమిటి’ అని వదిలేసిన చోట్ల, ఆ తర్వాత ట్రస్టు బ్యాంకు ఖాతా కదలక, భూమి కాగితాలు మారక ఏళ్ల తరబడి తిరిగారు.

మూడోది ఆలస్యం చేయకూడనిది: శరీరాన్ని కూర్చోబెట్టడం. సన్యాసిని పద్మాసనంలోనో, కుదరకపోతే మామూలు బాసింపట్టులోనో కూర్చోబెట్టి సమాధి చేస్తారు. శరీరం బిగుసుకోవడం రెండు మూడు గంటల్లో మొదలవుతుంది, పన్నెండు గంటలకు పూర్తిగా కట్టెలా అవుతుంది. అందుకని మొదటి గంటా రెండు గంటల్లోనే కాళ్లు మడిచి, వీపుకు చెక్క పలక ఆనించి, నడుముకూ గుండెకూ మెత్తటి కాషాయ వస్త్రంతో కట్టాలి. తాడు వాడొద్దు, చర్మం మీద గాట్లు పడతాయి. గడ్డం కిందనుంచి నడినెత్తికి ఒక గుడ్డ కట్టి నోరు మూయాలి. కళ్లు మూసి, ముక్కుల్లో, చెవుల్లో దూది పెట్టాలి. ఆలస్యమై బిగుసుకుపోతే బలవంతంగా మడవొద్దు. ఒకటిన్నర రోజు తర్వాత బిగువు దానంతటదే సడలుతుంది కానీ అప్పటిదాకా ఉంచడం వేరే కష్టం. అలాంటప్పుడు వాలుగా ఆనించి కూర్చోబెట్టి, మిగతాది వస్త్రాలతో, పూలతో సర్దడమే మేలు.

దర్శనం

అద్దెకు దొరికే ఫ్రీజర్ పెట్టెలు పడుకున్న శరీరానికి చేసినవి. కూర్చున్న శరీరం వాటిలో పట్టదు. ఇది తెలియక పెట్టె తెప్పించి, వచ్చాక తలపట్టుకుంటారు. నిలువు గాజు పెట్టె దొరికే నగరం దగ్గరలో లేకపోతే ఏసీ గది, దానికి తోడు మంచు దిమ్మలు. దిమ్మల్ని ఆసనం కింద కాకుండా వెనకా పక్కలా తొట్లలో పెట్టి, నీళ్లు పోయే దారి ముందే చూసుకోవాలి. కరిగిన నీళ్లు సీరియల్ లైట్ల తీగల మీదికి పారితే కరెంటు కొడుతుంది. దర్శనం జరిగే మండపంలో అలంకార దీపాలు తీసేయడమే మంచిది.

ఎండాకాలమైతే 24 గంటలకు మించి ఉంచొద్దు. దూరం నుంచి శిష్యులు రావాలని రెండు మూడు రోజులు ఆపాలనుకుంటే మంచు సరిపోదు, ఆస్పత్రిలో శరీరం చెడకుండా మందు ఎక్కించాల్సిందే. అది ఆయనకు సమ్మతమయ్యేదా కాదా అన్నది బతికుండగానే అడిగి పెట్టుకోవాల్సిన మాట. చాలామంది స్వాములు ‘ఎవరి కోసమూ ఆపొద్దు’ అనే చెప్తారు, చెప్పినదాన్ని రాసి పెట్టుకునేవాళ్లే తక్కువ.

వచ్చినవాళ్లు పాదాలు ముట్టుకోకుండా మూడడుగుల ఎడంలో తాడు కట్టండి. నమస్కారం పాదుకలకు చేయించండి. దండలు తెచ్చేవాళ్లు వందల్లో ఉంటారు. ఒక్కో దండ వేసి తీస్తూ ఉంటే శరీరం కదులుతుంది, అందుకని పాదుకల ముందు బల్ల వేసి అక్కడే సమర్పించమనాలి.

సమాధి

చోటు ఆయనే చూపించి ఉంటే అదే. లేకపోతే మూడు విషయాలు చూడాలి: పట్టా ట్రస్టు పేరు మీద ఉందా, నీటి మట్టం ఎంత లోతులో ఉంది, వాన నీళ్లు ఎటు పారతాయి. వ్యక్తి పేరు మీదున్న స్థలంలో సమాధి కట్టి, తర్వాత ఆ వ్యక్తి వారసులు గేటుకు తాళం వేసిన సంగతులు కొత్త కాదు. శ్మశానం కాని చోట సమాధి చేస్తున్నారు కాబట్టి గ్రామ పంచాయతీ అనుమతి, పట్టణమైతే మున్సిపాలిటీ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. రెవెన్యూ, పోలీసు వాళ్లకు కబురు పెట్టాలి. జనం వస్తారు కాబట్టి పోలీసులే అడుగుతారు కూడా.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో నాలుగైదు అడుగులకే నీరు ఊరే చోట్లున్నాయి. దగ్గరి బావిలో నీళ్లు ఎక్కడున్నాయో చూస్తే తెలిసిపోతుంది. అలాంటి చోట లోతుగా తవ్వే బదులు, నేల మీదికి అరుగు లేపి అందులో గది కట్టడం నయం. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి ఎండకు పగులుతుంది. గొయ్యి చుట్టూ, కింద రెండడుగుల మేర నల్లమట్టి తీసి గ్రావెల్ పోసి దిమ్మిస చేయించాలి.

గొయ్యి ఐదడుగుల చదరం, ఆరడుగుల లోతు ఉంటే పని చేసేవాళ్లు దిగడానికి వీలుంటుంది. అందులో అడుగున సుమారు మూడడుగుల చదరం, నాలుగడుగుల ఎత్తు గది ఇటుకలతోనో రాతి పలకలతోనో కడతారు. శరీరం కూర్చునేది దీనిలోనే. తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా అన్నది సంప్రదాయాన్ని బట్టి ఆచార్యులు చెప్తారు.

గల్లు ఉప్పు లెక్క చాలామంది తప్పుతారు. మూడు బై మూడు బై నాలుగు గది అంటే 36 ఘనపుటడుగులు, అంటే దాదాపు ఒక ఘనపు మీటరు. శరీరం చోటు పోను నిండడానికి టన్ను ఉప్పు పడుతుంది, 50 కిలోల బస్తాలు 20. ఐదారు బస్తాలు తెచ్చి, సగంలో అయిపోయి, అర్ధరాత్రి కిరాణా కొట్లు తట్టడం మామూలే. అయొడైజ్డ్ పొడి ఉప్పు కాదు, గల్లు ఉప్పే కావాలి. విభూతి, పచ్చకర్పూరం, గంధం, మారేడు దళాలు శరీరానికి దగ్గరగా పోస్తారు, ఉప్పు చుట్టూ. మధ్వాచార్యులను అనుసరించే మాధ్వ సంప్రదాయంలో విభూతి, మారేడు ఉండవు, తులసి వాడతారు. దండం, కమండలం ఏం చేయాలన్నదీ సంప్రదాయం ప్రకారమే. వీరశైవుల్లో స్వామి శివైక్యం చెందారంటారు, వాళ్ల సమాధిని గద్దిగ అంటారు, క్రియ వాళ్ల జంగమ గురువులదే. బయటి పురోహితుణ్ని పిలిచి కలగాపులగం చేయొద్దు.

గది నింపేటప్పుడు ఉప్పు అడుగుకొక వరసగా పోసి చేత్తో అదుముకుంటూ రావాలి. ఒక్కసారి కుమ్మరిస్తే ఒళ్లో, చేతుల కింద గాలి సందులు మిగిలిపోతాయి. ఉప్పు తేమ పీల్చి దిగుతుంది, పైన మూత బండ ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకే మూత వేశాక కూడా దాని పైన పక్కా కట్టడం వెంటనే కట్టొద్దు. ఒక వానాకాలం పోనివ్వండి. అప్పటిదాకా మట్టి దిబ్బ, దాని మీద తులసి కోటో, మట్టి లింగమో, పైన రేకుల పందిరి చాలు. తొలి ఆరాధనకే పాలరాయి మండపం తయారవ్వాలని పట్టుబట్టిన చోట్ల మూడో ఏటికి నేల కుంగి పలకలు విరిగాయి. ఏడాది ఆగితే భక్తి తగ్గదు.

పదహారు రోజులు

శిష్యులకు మైల లేదు, స్నానంతో సరి. పూర్వాశ్రమ (సన్యాసానికి ముందటి) బంధువులకూ అంతే. ఆశ్రమంలో నిత్యపూజ ఆగకూడదు. గుడి తలుపులు మూసేయడం, దీపం పెట్టకపోవడం పొరపాటు. ఆయన బతికుండగా ఏ వేళకు ఏ పూజ జరిగేదో ఆ వేళకు అది జరగాలి. స్వామిని గౌరవించడంలో ఇంతకు మించినది లేదని మా అభిప్రాయం.

యతికి, అంటే సన్యాసికి, ప్రేతత్వం లేదు. అందుకే ఏకోద్దిష్టం (పోయిన ఒక్కరికే పెట్టే శ్రాద్ధం), సపిండీకరణం (పోయినవారిని పితృదేవతల్లో కలిపే క్రియ) ఉండవు. పదకొండో రోజున పార్వణ శ్రాద్ధం, పన్నెండో రోజున నారాయణబలి, ఆ మర్నాడు ఆరాధన అన్నది శాస్త్ర గ్రంథాల క్రమం. ఆ ఆరాధనలో పదహారు మందికి భోజనం పెడతారు: గురు, పరమగురు, పరమేష్ఠిగురు, పరాత్పరగురు స్థానాల్లో నలుగురు, కేశవాది పన్నెండు నామాలకు పన్నెండుగురు. చాలా ఆశ్రమాల్లో పదహారో రోజున షోడశి జరుపుతారు, సాధువులను పిలిచి భిక్ష పెట్టి, వస్త్రం, కమండలం, జపమాల వంటివి సమర్పిస్తారు. షోడశికి సాధువుల్ని పిలవడం ఫోన్లో అయ్యే పని కాదు. ఒక మనిషి స్వయంగా వెళ్లి పిలవాలి, రానుపోను ప్రయాణం, బస, వారి వంట నియమాలు కనుక్కోవాలి. ఉల్లి, వెల్లుల్లి ఎలాగూ ఉండవు. కొందరు రాత్రి వండిన అన్నం ముట్టరు, కొందరు మధ్యాహ్నం ఒక్క పూటే తింటారు.

పత్రికలో ప్రకటన, ఆహ్వానం రాసేటప్పుడు మాట జాగ్రత్త. ‘కీ.శే.’ గృహస్థులకు. సన్యాసికి ‘బ్రహ్మీభూత’ అనో, ‘సిద్ధి పొందిన’ అనో రాస్తారు. మాధ్వులైతే ‘బృందావనస్థ’ అంటారు. ‘దశదినకర్మ’, ‘పెద్దకర్మ’ అన్న మాటలు ప్రింటింగ్ ప్రెస్ వాడి పాత నమూనాలోంచి అలాగే వచ్చేస్తాయి. అచ్చుకు ఇచ్చేముందు ప్రూఫ్ సంప్రదాయం తెలిసిన ఒక్కరైనా చూడాలి.

ఈ పదహారు రోజుల్లోనే ప్రభుత్వ కాగితం పని కూడా ముగించాలి. మరణ నమోదుకు గడువు 21 రోజులు. 30 రోజుల లోపైతే ఆలస్య రుసుముతో అవుతుంది. అది దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆధార్‌లో పూర్వాశ్రమ పేరు, ట్రస్టు దస్తావేజుల్లో సన్యాసనామం ఉంటాయి చూడండి, అక్కడ చిక్కు పడుతుంది. నమోదు చేసేటప్పుడు రెండు పేర్లూ ‘అనే’ మాటతో కలిపి రాయించండి. ధ్రువపత్రం వచ్చాక సవరించడం ఆర్నెల్ల పని.

ఆయన వస్తువులు

గదికి మొదటి రోజే తాళం వేసి, తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉంచండి. షోడశి అయ్యాక ఐదుగురి ఎదుట తెరిచి, ఒక్కో వస్తువుకూ ఫొటో తీసి, వరస నంబరు వేసి పుస్తకంలో ఎక్కించాలి. ప్రసాదం అనుకుంటూ తలా ఒకటి పట్టుకెళ్తే నెల తిరిగేలోగా గది ఖాళీ అవుతుంది. ఎవరినీ తప్పుపట్టలేం, అడిగినవాడిదీ ప్రేమే. పంచదలచుకుంటే పంచె, తువ్వాలు లాంటి ఒకటికి పది ఉన్నవి పంచండి. పాదుకలు, జపమాల, కళ్లజోడు, చేతిరాత ఉన్న పుస్తకాలు, పంచాంగాలు పంచకూడదు.

కొయ్య పాదుకలకు పాలు, తేనె, పెరుగుతో అభిషేకం చేయొద్దు. కొయ్య తడిసి ఎండి చీలుతుంది, తీపికి చీమలు, తడికి చెదలు పడతాయి. రెండేళ్లలో మడమ దగ్గర పగులు కనిపిస్తుంది. ఆయన తొడిగిన పాదుకలు గాజు పెట్టెలో ఉంచి, అదే కొలతతో పంచలోహంతోనో వెండితోనో వేరే జత చేయించి అభిషేకం వాటికి చేయాలి. కాషాయ వస్త్రాల్ని గంజి లేకుండా ఉతికి నీడన ఆరేయాలి. మడత పెట్టకుండా తెల్ల నూలు గుడ్డతో కలిపి చుట్టి ఉంచాలి. గంజి ఉంటే పురుగు తింటుంది, మడత ఉంటే మడత మీదే చిరుగుతుంది.

ప్రవచనాల కేసెట్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మిగతావన్నీ ఆగుతాయి, ఇది ఆగదు. 80ల్లో, 90ల్లో రికార్డు చేసినవి భక్తుల ఇళ్లలో అటకల మీద ఉంటాయి. ‘స్వామివారి గొంతు ఉన్న కేసెట్ ఏదైనా ఇవ్వండి, కాపీ చేసి తిరిగిస్తాం’ అని మొదటి నెలలోనే కబురు పెట్టాలి. తెచ్చిన కేసెట్‌ను ఆత్రంగా టేప్‌రికార్డర్‌లో పెట్టొద్దు. ముందు కిటికీ వెలుగులో టేపు అంచు చూడండి. తెల్లటి పొడి చుక్కల్లా ఉంటే బూజు. దాన్ని అలాగే తిప్పితే బూజు హెడ్‌కు అంటుకుని తర్వాతి కేసెట్‌నూ పాడుచేస్తుంది. అది వేరుగా పెట్టి తెలిసినవాళ్లకు ఇవ్వండి. బూజు లేనిదైతే మొదట చివరిదాకా వేగంగా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి చుట్టాలి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు అప్పుడే విడిపడతాయి. లోపల స్పాంజి మెత్త ఊడిపోతే, టేపును కొత్త డొక్కులోకి మార్చి వాయించాలి. ప్రతి ఐదు కేసెట్లకూ హెడ్‌ను స్పిరిట్ అద్దిన దూదితో తుడవాలి. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు మొదట వేవ్ ఫైలుగా తీసుకుని, పంచడానికి ఎంపీ3 దానినుంచి చేయాలి. రొద తీసేసే సాఫ్ట్‌వేర్ అసలు ఫైలు మీద వాడొద్దు. హోరుతో పాటు గొంతులోని ఊపిరీ పోతుంది, తర్వాత తిరిగి రాదు. ఫైలు పేరు ‘స్వామీజీ1’ కాకుండా సంవత్సరం, ఊరు, విషయం, కేసెట్ వైపు వచ్చేలా పెట్టాలి. మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఊళ్లో.

తిథి

సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజంతా క్యాలెండర్లో కనిపిస్తుంది. ఆయన సిద్ధి పొందిన క్షణానికి ఉన్న తిథి వేరే కావచ్చు. ఉదయం నవమి ఉండి 9:40కి దశమి వచ్చిందనుకోండి, 11 గంటలకు సిద్ధి పొందితే ఆరాధన దశమికే. క్యాలెండర్ చూసి నవమి అని రాతి పలక మీద చెక్కించి, తర్వాత ఉలితో చెరిపిన పలకలు ఉన్నాయి. మాసం, పక్షం, తిథి మూడూ సిద్ధాంతిగారితో రాయించి కమిటీ తీర్మానం పుస్తకంలో ఎక్కించండి.

తిథి రెండు రోజులకు పాకినప్పుడు ఏ రోజు చేయాలన్నది మధ్యాహ్న, అపరాహ్ణ వ్యాప్తిని బట్టి, అంటే ఆ వేళల్లో తిథి ఏ రోజు ఉందో చూసి నిర్ణయిస్తారు. దృక్ పంచాంగానికీ పాత గణితానికీ తేడా వస్తుంది కాబట్టి ఏదో ఒక పంచాంగాన్ని పట్టుకుని ఏటా దాన్నే అనుసరించాలి. మాధ్వులకు ఏకాదశి నాడు భోజన సమారాధన ఉండదు, మర్నాటికి పోతుంది.

అధికమాసం వస్తే? ఆరాధన నిజమాసంలోనే, అంటే అధికమాసం తర్వాత అదే పేరుతో వచ్చే అసలు నెలలోనే. 2023లో అధిక శ్రావణం వచ్చింది. శ్రావణ బహుళ విదియ నాడు 1671లో బృందావన ప్రవేశం (సజీవ సమాధి) చేసిన రాఘవేంద్రస్వామి ఆరాధనను మంత్రాలయంలో ఆ ఏడు నిజ శ్రావణంలోనే జరిపారు. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, జ్యేష్ఠ మాసపు ఆరాధనలున్న ఆశ్రమాలు ఈ మాట గుర్తుంచుకోవాలి. స్వామి అధికమాసంలోనే సిద్ధి పొంది ఉంటే సిద్ధాంతి నిర్ణయం ఆ ఏడే రాయించి పెట్టుకోండి, లేకపోతే తర్వాత ఏటా తగువవుతుంది.

తేదీ ప్రకారం చేసే చోట్లూ ఉన్నాయి. 2011 ఏప్రిల్ 24న సత్యసాయిబాబా శరీరం వదిలారు, పుట్టపర్తిలో ఏటా అదే తేదీన ఆరాధన మహోత్సవం జరుగుతుంది. బ్రహ్మంగారి మఠంలో వైశాఖ శుద్ధ దశమి, కంచి పరమాచార్యకు మార్గశిర బహుళ ద్వాదశి. రెండు పద్ధతుల్లో ఏది పట్టినా ఫరవాలేదు. ఒక వర్గం తేదీకి, ఇంకో వర్గం తిథికి చేస్తే మాత్రం పదేళ్లకు రెండు ఆశ్రమాలవుతాయి.

పూర్వాశ్రమ పుత్రులుంటే ఒక మాట. వాళ్లు ఇంట్లో చేసుకునేది వాళ్ల విధి, ఆశ్రమంతో కలపొద్దు. మహాలయ పక్షంలో సన్యాసులకు కేటాయించింది ద్వాదశి, తండ్రి సన్యాసి అయిన వాళ్లు భాద్రపద బహుళ ద్వాదశి నాడు చేస్తారు.

తొలి ఆరాధన

ఏడాది తిరిగాక వచ్చే తొలి ఆరాధనను మంత్రాలయంలోలా పూర్వ, మధ్య, ఉత్తర ఆరాధనలని మూడు రోజులు చేయాలనిపిస్తుంది. చేతిలో మనుషులు పాతికమంది లోపుంటే ఒక్క రోజు చేయండి. తెల్లవారుజామున సుప్రభాతం, నగర సంకీర్తన. పాదుకలకు అభిషేకం, సమాధికి పూజ. పది గంటలకు పారాయణ, పన్నెండుకు మహానైవేద్యం, హారతి. తర్వాత యతులకు, పెద్దలకు భిక్ష, ఆ వెంటనే అందరికీ అన్నసమారాధన. సాయంత్రం పల్లకీ సేవ, భజన. మైకు గురించి: రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదన్నది చట్టం. ఐదింటికి సంకీర్తనకు ఆటోకు మైకు కట్టొద్దు. తాళాలు, మృదంగం చాలు, ఊరు నిద్రలో వినడానికి అదే బాగుంటుంది.

నైవేద్యం ముందు దేవుడికి, దేవుడికి పెట్టినదే గురువుకు. ఈ వరస తప్పొద్దు.

ఉపన్యాసాలకు గంట మించి సమయం పెట్టొద్దు. రాజకీయ నాయకుడు వస్తే తీర్థం, శేషవస్త్రం ఇచ్చి గౌరవించండి, మైకు ఇవ్వక్కర్లేదు. ఆయన కోసం హారతి ఆపారంటే మాత్రం ఆ ఆరాధన ఆయనదైపోతుంది.

ఇక అన్నం. 500 మందికి అన్నం, పప్పు, ఒక కూర, పులిహోర, చక్కెర పొంగలి, సాంబారు, పెరుగు అనుకుంటే:

అన్నానికి బియ్యం 60 కిలోలు, పులిహోరకు 15, పొంగలికి 6. కందిపప్పు ముద్దపప్పుకు 15 కిలోలు, సాంబారుకు 6. పొంగలికి పెసరపప్పు 2 కిలోలు, బెల్లం 12, నెయ్యి 2 కిలోలు. వడ్డనకు నెయ్యి ఇంకో 3 కిలోలు. చింతపండు పులిహోరకు 2 కిలోలు, సాంబారుకు కిలోన్నర. కూరకు కూరగాయలు 50 కిలోలు, సాంబారు ముక్కలకు 20. నూనె 15 లీటర్లు. పెరుగు 50 లీటర్లు. 19 కిలోల గ్యాస్ సిలిండర్లు నాలుగు, పక్కన ఒకటి అదనం. తాగడానికి, చేతులు కడగడానికి కలిపి మనిషికి ఐదు లీటర్ల నీళ్లు, వంటకు, గిన్నెలకు వేరే. నీళ్ల ట్యాంకరు ముందు రోజు సాయంత్రమే రావాలి. ఆరాధన నాడు వస్తానన్నవాడు జనంలో ఇరుక్కుని రెండు గంటలు బయటే ఉంటాడు.

అద్దె సామాను తెచ్చిన రోజే గుండిగల లోపల చూడండి. కళాయి పోయి ఇత్తడి కనిపిస్తున్న గుండిగలో చారు, సాంబారు, పులిహోర గుజ్జు పెడితే పులుపుకు కిలుము దిగి కడుపులో తిప్పుతుంది. అలాంటివి నీళ్లు కాయడానికే వాడాలి. సాంబారు దించాక మూత బిగించొద్దు, ఆవిరి నీళ్లు తిరిగి పడి రెండు గంటల్లో పులుస్తుంది. గుడ్డ కప్పి పెట్టండి. పులిహోర అన్నాన్ని రాత్రే వండి కుప్పగా పోస్తే నడుమ వేడి నిలిచి తీగ సాగుతుంది. తెల్లవారుజామున వండి, శుభ్రమైన గుడ్డ పరిచి మూడంగుళాల మందాన ఆరబోసి, ఆరాక గుజ్జు కలపాలి. తెల్ల అన్నం ఒకేసారి 60 కిలోలూ దించకండి. 15 కిలోల చొప్పున వంతులుగా వార్చితే చివరి పంక్తికీ వేడి అన్నం పడుతుంది, జనం తగ్గితే బియ్యమూ మిగులుతాయి.

పంక్తికి వంద మంది, ఎదురెదురుగా యాభై చొప్పున. వడ్డనకు పది మంది, నీళ్లకు ఇద్దరు, ఎత్తేవాళ్లు నలుగురు. పంక్తి 40 నిమిషాలు పడుతుంది, అంటే ఐదు పంక్తులకు మూడు గంటలు దాటుతుంది. ఒంటిగంటకు మొదలైతే చివరివాళ్లు నాలుగు తర్వాత లేస్తారు, అందుకే రెండు పంక్తులు వేరు వేరు షెడ్లలో సాగేలా చూడాలి. దాతలకు వేరే గదిలో వేరే వంటకాలు పెట్టొద్దు. చక్కెర పొంగలి అయిపోయిందని చివరి పంక్తికి చెప్పి, లోపల గదిలో వడ్డిస్తే ఆ మాట ఊరంతా తిరుగుతుంది.

డబ్బు

ఆరాధన పేరుతో విరాళాలు అడిగేముందు ట్రస్టు పేరున విడిగా ఒక ఖాతా తెరిచి, ఇద్దరి సంతకం పెట్టాలి. క్యూఆర్ కోడ్ ఆ ఖాతాదే ఉండాలి, కోశాధికారి సొంత ఫోనుది కాదు. మనిషి మంచివాడే కావచ్చు, రెండో ఏడు అడిగేవాడికి సమాధానం చెప్పలేక కుంగిపోయేది కూడా ఆయనే. రసీదు పుస్తకాలకు వరస నంబర్లుండాలి, ఎవరికి ఏ పుస్తకం ఇచ్చారో రాసి, వాడనివి కూడా వెనక్కి తీసుకోవాలి. రూ.2,000 దాటిన నగదుకు దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, ముందే చెప్పి బ్యాంకు ద్వారా తీసుకోండి. హుండీ ముగ్గురు కలిసి తెరిచి, లెక్కించి, ముగ్గురూ సంతకం పెట్టాలి.

శాశ్వత అన్నదానానికని ఇచ్చిన సొమ్ము డిపాజిట్ చేసి వడ్డీనే వాడాలి. మండపం పనికి దాన్ని తాత్కాలికంగా తీసిన ఆశ్రమాల్లో అది తిరిగి చేరినవి తక్కువ. పదిహేను రోజుల్లో జమాఖర్చు కాగితం నోటీసు బోర్డు మీద అంటించండి. మిగిలిన బియ్యం ఎన్ని కిలోలో కూడా రాయండి.

ఖాళీ ఆసనం

ఉత్తరాధికారిని ఆయన రాతపూర్వకంగా చెప్పి ఉంటే ఆ పట్టాభిషేకం ఆచార్యులు చెప్పిన రోజున జరుగుతుంది. చెప్పకపోతే తొందరపడి ఎవరినీ కూర్చోబెట్టొద్దు. మఠం దేవాదాయ చట్టం కిందికి వచ్చేదైతే వివాదం ఆ శాఖ దాకా పోతుంది. ఆసనం మీద కాషాయం పరిచి పాదుకలు ఉంచండి. తీర్థం ఇచ్చేది అర్చకుడే. ‘స్వామి నాతో చెప్పారు’ అన్నవాళ్లు మొదటి ఏడాదిలో కనీసం ముగ్గురు వస్తారు. ఏం చెప్పారో కాగితం మీద రాసివ్వమంటే ఇద్దరు వెళ్లిపోతారు.

ఉగాదికి కొత్త పంచాంగం రాగానే వచ్చే ఆరాధన తేదీ తీసి, సిద్ధాంతిగారితో సరిచూసి, సమాధి పందిరి కింద నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. వంటవాడికి బయానా ఆ వారంలోనే ఇవ్వాలి.